అవసరం లేదన్న అక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆస్పత్రిలో అందరికీ తెలుసు. ఆ సోమవారం మీటింగులో అది ముక్కు మీద కూడా ఆగలేదు. మా సర్జన్‌గారు ఒక్కొక్క పేషెంటు సంగతీ చెప్పుకుంటూ వస్తూ, చిన్నమనూరు ద్రాక్షతోట ఆమె దగ్గరికి వచ్చేసరికి "ఈవిడ ఆపరేషన్ వద్దనేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేసి, తర్వాతి స్కాన్ తెర మీదికి తెచ్చారు.

"ఎవరు వద్దన్నారు?" అన్నాను.

"ఆవిడే. నాతోనే అన్నారు. శుభ్రంగా తెలుగులోనే అన్నారు."

"ఆమె అలా అనదు" అన్నాను నేను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. పక్కన కూర్చున్నవాళ్ళు టీ కప్పులు కింద పెట్టారు.

ఆ మనిషి మెదడులో ఎడమవైపు ఒక రక్తనాళం ఉబ్బి ఉంది. అది పగలకముందే సరిచేస్తే బతుకుతుంది. పగిలితే ఏమవుతుందో వాళ్ళింట్లో ఇప్పటికే రెండుసార్లు చూశారు. పేషెంటు వద్దంటే మేము పిలవం. మేము పిలవకపోతే ఆమె రాదు. అంత సులువుగా ఒక మనిషి మా చేతుల్లోంచి జారిపోతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఆమె ఎందుకు అలా అనదో చెప్పాలంటే ముందు నా పని గురించీ, ఆ తర్వాత నా తెలుగు గురించీ చెప్పాలి. రెండూ నాకు గొప్పలే కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను, ఓర్చుకోండి.

నేను డాక్టరునే గాని కత్తి పట్టను. మెదడులో రక్తనాళాల గోడలు ఎందుకు పాడవుతాయి, ఎక్కడ పాడవుతాయి, ఎవరి ఇళ్ళల్లో పాడవుతాయి అని వెతకడం నా పని. మా నాన్న కోయంబత్తూరులో నూలు మిల్లుకి సైకిలు మీద వెళ్ళేవాడు. టైరు ఒకచోట చిరిగితే లోపలి ట్యూబు అక్కడ బుడగలా బయటికి తొంగిచూసేది. ఎన్యూరిజం అంటే సరిగ్గా అదే. నాళం గోడ ఒకచోట బలహీనపడి రక్తం ఒత్తిడికి బయటికి ఉబ్బుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. చాలామందికి అది ఉన్నట్టు కూడా తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. కొందరికి మాత్రం పగులుతుంది. అప్పుడు వచ్చే తలనొప్పి లాంటిది పుట్టి బుద్ధెరిగాక ఎరగమని, బతికి బయటపడ్డవాళ్ళు చెబుతారు.

ఇంకో రకం జబ్బు ఉంది. ధమనికీ సిరకీ మధ్య ఉండాల్సిన సన్నటి నాళాలు లేకుండా రెండూ నేరుగా ముడిపడి చిక్కుపడిపోతాయి. అలాంటి స్కాన్ మొదటిసారి చూసినప్పుడు నాకు మిల్లులో మూలకి పడేసే చిక్కు నూలు గుర్తొచ్చింది. "ఇందులో రక్తం వచ్చే దారి ఏది, పోయే దారి ఏది?" అని మా ప్రొఫెసరు అడిగితే తరగతిలో అందరికంటే ముందు నేనే చెప్పాను. సెలవుల్లో అమ్మ పక్కన కూర్చుని చిక్కు నూలు విడదీసిన చేతులివి, ఆ మాత్రం తెలియకపోతే ఎలా.

ఎక్కువ కాలం నేను పనిచేసింది ఉబ్బు గోడ మీద. ఉబ్బు ఎంత పెద్దదో అందరూ కొలుస్తారు. దాని గోడలో వాపు ఉందా, ఉంటే ఏ మూల ఉంది అన్నది చూడటం మా బృందం పట్టుబట్టి నేర్చుకుంది. మందు ఎక్కించి ఒక పద్ధతిలో స్కాన్ తీస్తే వాచినచోటు తెల్లగా వెలుగుతుంది. ఆ వెలుగుని నమ్మొచ్చా అని పెద్ద పెద్దవాళ్ళు పెదవి విరిచారు. నేను కూడా ఊరుకునే రకం కాదు కదా. వాళ్ళతో సభల్లో పోట్లాడాను, భోజనాల దగ్గర పోట్లాడాను. ఇప్పుడు వాళ్ళల్లో కొందరు తమ పేషెంట్ల స్కాన్లు నాకు పంపించి "ఒకసారి చూడండి మేడమ్" అంటున్నారు.

ఇక నా తెలుగు. మేము పుట్టిపెరిగిన వీధిలో అందరిదీ తెలుగే. ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. తాతల తాతలు ఎప్పుడు ఇటు వచ్చారో, ఎందుకు వచ్చారో ఇంటికో కథ చెబుతారు. బడిలో అరవం, అంగట్లో అరవం, ఇంట్లో అడుగుపెట్టగానే తెలుగు. ఆ తెలుగులో సగం అరవమే ఉంటుందని నాకు హైదరాబాదు వెళ్ళేదాకా తెలియదు. అక్కడ ట్రైనింగులో చేరిన మొదటివారం క్యాంటీనులో "బువ్వ తిన్నారా?" అని ఒకాయన్ని అడిగాను. బల్ల బల్లంతా నవ్వారు. పెద్ద డాక్టరై ఉండి చంటిపిల్లలా మాట్లాడుతోందని. ఎవరో సాయం చేస్తే "నిండా సంతోషం" అన్నాను, దానికీ నవ్వారు. నాలుగు రోజులు నోరు కట్టేసుకుని ఇంగ్లీషులోనే మాట్లాడాను. ఐదో రోజు నా రూమ్మేటు నా చేతిలో బలపం పెట్టినంత పని చేసి అక్షరాలు దిద్దించింది. "నవ్విన నాపచేనే పండుతుంది, ఏడవకు" అని ఆ సామెత కూడా ఆమే నేర్పింది. ఇవాళ నేను ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నానంటే ఆమె చలవే. కానీ మాట్లాడేటప్పుడు మాత్రం మా వీధి తెలుగే వస్తుంది. మార్చుకోవాలనీ అనిపించలేదు.

ఆ తెలుగే నాకు అన్నం పెట్టింది. ఒకే ఇంట్లో ఇద్దరికి ఈ ఉబ్బు వచ్చిందంటే మిగతావాళ్ళకీ ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి కుటుంబాలను వెతికి, బాగున్నవాళ్ళకి కూడా స్కాన్ తీసి, ముందే కనిపెట్టాలన్నది మా పరిశోధన. కోయంబత్తూరు చుట్టుపక్కలా మదురై చుట్టుపక్కలా ఉన్న పాత తెలుగు ఊళ్ళను నేను ఎంచుకున్నాను. మా ఇళ్ళల్లో మేనమామను చేసుకోవడం, మేనత్త కొడుకుని చేసుకోవడం మామూలు. మా వంశవృక్షం గీస్తే చెట్టులా రాదు, బుట్ట అల్లినట్టు వస్తుంది. మా బృందంలో గుజరాత్ నుంచి వచ్చిన అమ్మాయి "ఈ 'మామ' అనే మనిషి ఎన్ని చోట్ల ఉంటాడు?" అని తలపట్టుకుంది.

అంతకు ముందు ఇంకో బృందం వచ్చి ఇవే ఊళ్ళల్లో అడిగి వెళ్ళింది. "మీ కుటుంబంలో ఎవరికైనా మెదడులో రక్తస్రావం జరిగిందా?" అని అడిగితే ఎవరూ లేదన్నారట. ఎందుకంటారు? నేను అరుగు మీద కూర్చుని "మండ నొప్పి అని కూసోని అట్లే పోయినోళ్ళు ఎవురన్నా ఉండారా అవ్వా?" అని అడిగేదాన్ని. మండ అంటే మా తెలుగులో తల. అప్పుడు వచ్చేవి పేర్లు, ఒకదాని వెనక ఒకటి. సంకటి కలుపుతూ పోయిన అత్త, బండి తోలుతూ పోయిన చిన్నాయన. ఆ ఇళ్ళల్లో నన్ను డాక్టరుగా కాకుండా వాళ్ళ పిల్లగానే చూసేవారు.

చిన్నమనూరు కుటుంబం అలా దొరికిందే. వాళ్ళ పెద్దన్న ద్రాక్షతోటలో తల పట్టుకుని కూలిపోయి, ఆస్పత్రి చేరకముందే పోయాడు. కొన్నేళ్ళకి చిన్న చెల్లెలికీ అదే జరిగింది. మదురై తీసుకెళ్ళి బతికించారు గాని మాట తడబడిపోయింది. చెంబు చూపించి తలుపు అంటుంది, తప్పని తెలుసుకుని తనే కుమిలిపోతుంది. మధ్యలో మిగిలింది అక్క. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని, ఆమె నన్ను తాయీ అనేది. గట్టి మనిషి, నోరు ఇంకా గట్టిది. భర్త ఆమెకి సొంత మేనమామ. ఆయన ఇంట్లో రోజు మొత్తానికి మాట్లాడే మాటలన్నీ అక్క ఒక్క గుక్కలో మాట్లాడేస్తుంది.

నేనే పట్టుబట్టి కోయంబత్తూరు రప్పించి స్కాన్ తీయించాను. ఉంది. మాటకు సంబంధించిన భాగానికి రక్తం తీసుకెళ్ళే నాళం రెండుగా చీలే చోట. బొమ్మ చూపించి, చిన్న ద్రాక్షకాయలా ఉందక్కా అన్నాను.

"పండిన పన్నీరు ద్రాచ్చ అంతనా, పచ్చి కాయంతనా?"

"కాయంత."

"మరి ఇంగ ముదరలేదు లే" అని నవ్వేసింది. నవ్వాను గాని నాకు లోపల బాగాలేదు. ఆ ఉబ్బుకి ఒక పక్కన ఇంకో చిన్న మొటిమ లాంటిది లేచి ఉంది. గోడ స్కాన్‌లో సరిగ్గా ఆ మొటిమే వెలుగుతోంది. దాన్ని అలా వదిలేయకూడదు. సర్జన్‌గారితో మాట్లాడటానికి వారం తర్వాత రమ్మని చెప్పాను.

ఆ రోజు నేను ఊళ్ళో లేకపోవడమే మొత్తం గొడవకి మూలం. మేలూరు దగ్గర రాతి క్వారీలో పనిచేసే ఇంకో తెలుగు కుటుంబం స్కానుకి భయపడి మొరాయిస్తుంటే నచ్చజెప్పడానికి వెళ్ళాను. అయినా దిగులు పడలేదు. మా సర్జన్‌గారు కోస్తా నుంచి వచ్చినాయన. చేతి పనిలో ఆయనకి సాటి లేదు. గాంధీపురంలో ఆంధ్రా మెస్ ఎక్కడుందో కనుక్కుని పప్పూ ఆవకాయా తిని కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం. తెలుగు పేషెంటు అంటే చాలు, పొంగిపోతారు. తెలుగు మనిషి తెలుగు మనిషితో మాట్లాడటానికి మధ్యలో నేనెందుకు అనుకున్నాను.

ఇప్పుడు మళ్ళీ ఆ సోమవారం మీటింగుకి వస్తాను.

"ఏమన్నదో ఆమె మాటల్లోనే చెప్పండి" అన్నాను.

సర్జన్‌గారికి కూడా కోపం వచ్చింది. "నేను అబద్ధం చెబుతున్నానా మేడమ్? 'అమ్మా, మీకు ఆపరేషన్ అవసరం' అన్నాను. 'అవసరం లేదు సార్' అన్నారు. పగిలితే ప్రమాదమని చెప్పాను. 'అది తెలుసు సార్, కానీ అవసరం లేదు' అన్నారు. 'నిజంగా అవసరం లేదంటారా?' అని మళ్ళీ అడిగాను. 'అవసరమే లేదు సార్' అని నవ్వారు కూడా. అంతకంటే నేనేం చేయను? 'మీ ఇష్టమమ్మా' అన్నాను. సంతోషంగా దండం పెట్టి వెళ్ళారు."

నేను నుదురు కొట్టుకున్నాను. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత భయమేసింది. మూడూ ఒకదాని మీద ఒకటి వచ్చాయి.

అరవంలో 'అవసరం' అంటే తొందర. మా తెలుగులోనూ అంతే. బడికి టైమైపోయిందని నేను నిలబడి తింటుంటే మా అమ్మ "ఎందుకు అవసరపడతావు, ఒక బస్సు పోతే ఇంగో బస్సు వస్తాది" అనేది. కావలసినదాన్ని మేము 'కావాల' అంటాం, అంతే. అక్క చెప్పింది, తొందర లేదు సార్ అని. ఆయన విన్నది, అక్కర్లేదు సార్ అని. ఆయన 'మీ ఇష్టం' అంటే, ఎప్పుడు వీలైతే అప్పుడు చేద్దామన్నారని ఆమె అనుకుంది. ఇద్దరూ తెలుగే మాట్లాడారు. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకుని విడిపోయారు. అరవం మాట్లాడే డాక్టరయినా, ఒక్క ముక్క తెలుగు రాని డాక్టరయినా ఈ పొరపాటు చేసేవాడు కాదు.

ఇదంతా విన్నాక సర్జన్‌గారు ఆమె స్కాన్ మళ్ళీ తెర మీదికి తెచ్చారు. దాన్ని చూస్తూ "అంటే ఆవిడ మన పిలుపు కోసం ఎదురుచూస్తున్నారా?" అన్నారు.

"మీరు పిలవరు, ఆమె రాదు. ఈలోపల ఆ మొటిమ ఏం చేస్తుందో దాని ఇష్టం."

ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే నేను బస్సుకి బయలుదేరబోతుంటే ఆయన తన కారు తెచ్చి ఇంటి ముందు ఆపారు. "పొరపాటు నాది. నేనూ వస్తాను" అన్నారు. అప్పటిదాకా ఆయన మీద ఉన్న కోపం అక్కడే పోయింది. నా కోపం రావడం ఎంత త్వరగానో పోవడమూ అంతే.

దారి పొడుగునా నన్ను పరీక్షించారు. తొందరని అవసరం అంటే, మరి అత్యవసరాన్ని ఏమంటారు? నిండా అవసరం అంటాం. పనిని? వేల. దాహాన్ని? తాగం. పళని దాటాక ఆయన "ఇది తెలుగేనా మేడమ్?" అన్నారు నవ్వుతూ. నేను నవ్వలేదు. "వందల ఏళ్ళు బడి లేకుండా, పుస్తకం లేకుండా, ఒట్టి నోటితో కాపాడుకున్నాం సార్. మీరైతే ఈపాటికి పోగొట్టుకునేవాళ్ళు" అన్నాను.

చిన్నమనూరులో అక్క తోటలోనే ఉంది. రాతి స్తంభాల మీద తీగలు కట్టిన పందిరి, దాని నిండా గుత్తులు రంగు తిరుగుతున్నాయి. అక్క తల పైకెత్తి, చేతులు పైకి చాపి పాడైన కాయలు ఏరి తీసేస్తోంది. ఆ తల అలా వెనక్కి వాల్చి ఉండటం చూసి నాకు ఆ మొటిమే గుర్తొచ్చింది. బతికే ఉంది, దిట్టంగా ఉంది, అదే చాలనుకున్నాను.

"ఏమి తాయీ, పోన్ చేస్తారని సూస్తా ఉంటే మీరే వచ్చేసినారు! సార్ కూడా వచ్చినారా? వాంగ సార్, వాంగ" అని మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టి గుత్తి కోసి చేతిలో పెట్టింది. మాట తడబడిన చెల్లెలు కూడా అక్కడే ఉంది, మమ్మల్ని చూసి నవ్వింది గాని మాట్లాడలేదు.

సర్జన్‌గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఆ రోజు నేను మీ మాట సరిగ్గా అర్థం చేసుకోలేదు. మీకు ఆపరేషన్ అవసరం."

అక్క నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. నేను జరిగిందంతా చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగింది.

"ఇబుడు సార్ అవసరం అంటా ఉండారే, అది ఏ తెలుగులో? మీ తెలుగులోనా, మా తెలుగులోనా?"

"రెండిట్లోనూ అమ్మా" అన్నారాయన.

అక్క నవ్వు ఆగిపోయింది. కోత ఉందనీ, కూలీలు దొరకరనీ, బేరం కుదిరిందనీ చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ మధ్యలో చెల్లెలి వైపు చూసింది. నాకు అప్పుడు అర్థమైంది, కోత ఒక సాకని.

"సచ్చిపోయేదానికి నాకు భయం లేదు సార్. మా అన్న పోయినాడు, నేనూ పోతాను, అంతే కదా. కానీ ఈ పిల్ల మాదిరి అయిపోతే? ఎదురుగా మనిషి నిలబడి ఉంటాడు, పేరు నోట్లో ఉంటాది, రాదు. నాకు ఉండేదంతా ఈ నోరే సార్. మామకి అది తప్ప ఇంట్లో ఏం తోడు ఉండాది?"

మామ దూరంగా గంపలు సర్దుతున్నాడు. ఆ మాట విని చేతిలో గంప అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

సర్జన్‌గారు అబద్ధం చెప్పలేదు. ఆ నాళం మాట ఉండే చోటికే వెళుతుందనీ, ఆపరేషన్‌లో మాటకి దెబ్బ తగలొచ్చుననీ, తగలకుండా తను చేయగలిగినదంతా చేస్తాననీ చెప్పారు. పగిలితే మాత్రం తన చేతిలో ఏమీ ఉండదన్నారు. మెల్లగా, చిన్న చిన్న మాటల్లో చెప్పారు. ఎక్కడైనా అనుమానం వస్తే ఆగి నా వైపు చూశారు, నేను మా తెలుగులో మళ్ళీ చెప్పాను. అక్క అంతా వింది. అప్పుడు మాట్లాడింది అక్క కాదు, చెల్లెలు. నోరు తెరిచి, మాట కోసం వెతుక్కుని వెతుక్కుని, అక్క చెయ్యి పట్టుకుని, "పో" అంది. ఒక్క అక్షరం. దానికే ఆమె నుదుట చెమట పట్టింది.

కోత మామకీ చెల్లెలికీ వదిలేసి అక్క మా కారులోనే వచ్చింది.

ఆపరేషన్ జరిగినంతసేపూ నేను బయట కూర్చున్నాను. కోత ఊరివాళ్ళకి అప్పగించి మామ కూడా వచ్చేశాడు. ఆయనకి ఇడ్లీ తెప్పించాను, తినలేదు. నేనూ తినలేదు. సర్జన్‌గారు టోపీ తీస్తూ బయటికి వచ్చి ముందు నా దగ్గరికే వచ్చారు. ఉబ్బు మొదట్లో బిగించిన క్లిప్ సరిగ్గా కూర్చుందని చెప్పి, "మీ వెలుగు ఉన్నచోటే మేడమ్. గోడ ఉల్లిపొర లాగా ఉంది, లోపల తిరుగుతున్న రక్తం కనబడుతోంది. ఇంకెన్నాళ్ళో ఆగేది కాదు" అన్నారు. ఇన్నేళ్ళూ తెర మీద చూసి, అందరితో వాదించి, అవునని నమ్మినది ఒక మనిషి కళ్ళారా చూసి వచ్చి చెప్పడం! పైకి మామూలుగా తల ఊపాను గాని నాకు అక్కడే ఎగరాలనిపించింది.

కానీ ఆ సంతోషం సగమే. అక్క కళ్ళు తెరిచింది, చెయ్యి ఎత్తమంటే ఎత్తింది, కాలు కదిపింది. మాట్లాడలేదు. సాయంత్రందాకా మాట్లాడలేదు. మత్తు ఇంకా ఉంటుందన్నారు. మామ నన్ను ఏమీ అడగలేదు, నా ముఖం చూస్తూ కూర్చున్నాడు. అంతకంటే అడిగినా బాగుండేది.

మర్నాడు పొద్దున రౌండ్స్‌కి నేనూ వెళ్ళాను. పాలక్కాడు నుంచి వచ్చిన జూనియర్ డాక్టరు అక్క ముందు పెన్ను పెట్టి ఇదేమిటని అరవంలో అడిగింది. జవాబు లేదు. గడియారం చూపించింది. లేదు. సర్జన్‌గారు ఆ పెన్ను అందుకుని ముందుకి వంగి "అమ్మా, ఇదేంటో చెప్పండి" అని తెలుగులో అడిగారు. అక్క ఆయన్ని చూసింది, పెన్నుని చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. చిన్నమనూరు వెళ్ళి లాక్కొచ్చింది నేను కదా అనుకున్నాను.

అప్పుడు మామ మంచం పక్కకి వచ్చి, ఆమె ముఖం చూస్తూ అలాగే నిలబడ్డాడు.

"యోవ్ మామా" అంది అక్క. గొంతు బొంగురుగా ఉంది. "ఏంది అట్లే సూస్తా నిలబడినావు, తాగంగా ఉంది, నీళ్ళు తే. ద్రాచ్చ లోడు పోయిందా లేదా? కూలి ఆళ్ళు వచ్చినారా?" మళ్ళీ జూనియర్ వైపు తిరిగి "కొంజం తళ్ళి నిల్లుమ్మా" అని అరవంలో ఆమెను పక్కకి జరగమని కసిరి, సర్జన్‌గారి చేతిలోని పెన్ను వైపు చూపించి "పేనా సూపించి నాతో ఆడతా ఉండారా సార్, నేనేమన్నా సిన్న పిల్లనా?" అంది.

మామ నీళ్ళ గ్లాసు అందుకోబోయి, అందుకోలేక గోడకి ఆనుకున్నాడు. నేను నర్సుని అడిగి చెంచాతో నీళ్ళు పట్టించాను.

జూనియర్ ముఖం మాత్రం ముడుచుకునే ఉంది. పక్కకి వచ్చి మెల్లగా "సార్, మాట వచ్చింది గాని దెబ్బతిన్నట్టుంది. రెండు భాషలు కలిసిపోతున్నాయి. ఒక వాక్యం ఒక భాషలో మొదలుపెట్టి ఇంకో భాషలో ముగిస్తోంది. ఇది ఏ భాషా కాదు" అంది.

నా నోటిదాకా వచ్చింది జవాబు. కానీ సర్జన్‌గారే ముందు మాట్లాడారు.

"లేదమ్మా. అది తెలుగు. వాళ్ళ ఊరి తెలుగు, ఆ మాటలు అలాగే ఉండాలి. నేను వాళ్ళ తోటకి వెళ్ళి విన్నాను" అన్నారు. మళ్ళీ అక్క ముఖంలోకి చూసి, ఇంగ్లీషులో కాకుండా తెలుగులోనే, అందరికీ వినిపించేలా చెప్పారు. "ఒక్క మాట కూడా పోలేదు."

నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చేశాను. అక్క బతికినందుకే అనుకున్నారు అందరూ, అదీ నిజమే. కానీ హైదరాబాదులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి మా తెలుగు విని నవ్వినవాళ్ళనే చూశాను. అందులో తప్పేమీ లేదని, అది సరిగ్గానే ఉందని, ఆ తెలుగు పుట్టిన గడ్డ నుంచి వచ్చిన మనిషి ఒకరు చెప్పగా వినడం నాకు అదే మొదటిసారి.